అయిదు గుమ్మాల క్షమాపణ

“ఇవాళైనా నన్ను ఆసుపత్రికి రానిస్తావా, లేదా?”

తోకికో ఆ మాట మిఠాయి పెట్టెకి తెల్లకాగితం చుడుతూ అడిగింది. తల ఎత్తలేదు.

“ముందు నేనడిగినదానికి చెప్పండి,” అంది చిగుసా.

“ఏమడిగావు?”

“అబ్బ, మరిచిపోయారా పాపం! వారం నుంచీ అదే కదా అడుగుతున్నాను. నాన్న తల వాలిపోవడం మీరు చూశారు. కౌంటరు వెనకే ఉన్నారు. నాలుగడుగులు వేస్తే అందే మనిషి. అయినా రికార్డు ఆ వైపు అయిపోయేదాకా నోరు మూసుకుని ఎందుకు కూర్చున్నారు?”

తోకికో కాగితం అంచుని గోటితో నొక్కి మడత పెట్టింది. ఇంకో పెట్టె అందుకుంది. అంతే. అదే జవాబు.

చిగుసాకి ఒళ్ళు మండిపోయింది. కోపమొస్తే తిట్టాలి, బాధేస్తే ఏడవాలి. ఈ మనిషి రెండూ చెయ్యదు. పదకొండేళ్ళుగా ఇంట్లో ఇదే వరస. అందుకే పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఆమెను ‘అమ్మా’ అని పిలవలేదు చిగుసా. ‘తోకికో గారూ’ అనే అంటుంది, ఆ ‘గారూ’ని కాస్త నొక్కి మరీ.

టోక్యోలోని కోఎన్‌జీ పేటలో, రైలు వంతెన వెనక మా సందులో ‘యూనగి’ అనే కాఫీ కొట్టు తెలియనివాళ్ళు లేరు. అక్కడికి జనం కాఫీ కోసం పోరు, జాజ్ రికార్డులు వినడానికి పోతారు. చిగుసా తండ్రి కునిహికో పెట్టిన నియమం ఒకటే. రికార్డు తిరుగుతున్నంతసేపూ నరమానవుడు మాట్లాడకూడదు. ఒకసారి ఎవరో పెద్దమనిషి పక్కవాడి చెవిలో ఏదో గొణిగాడని, తాగుతున్న కప్పు లాక్కుని బయటికి సాగనంపాడు. అంత చండశాసనుడు.

ఆ చండశాసనుడే పోయిన గురువారం సాయంత్రం తన కుర్చీలో తల గుండెల మీదికి వాల్చేశాడు. ఆ రోజు చిగుసా కన్నతల్లి మసయో పోయిన రోజు. మసయో పియానో వాయించేది. బతికుండగా ఆమె చేసిన రికార్డు ఒక్కటే. ఏటా ఆ రోజున కునిహికో దాన్ని పెట్టి కళ్ళు మూసుకుని వింటాడు. కొట్టులో ఉన్న అయిదారుగురూ ఆయన ఏడుస్తున్నాడనే అనుకున్నారు. పెళ్ళాన్ని తలుచుకుని ఏడ్చేవాణ్ణి కదిలించకూడదని తలలు దించుకుని కూర్చున్నారు. ముల్లు చివరికొచ్చి గరగరమన్నాక గానీ తెలియలేదు, ఆయన మెదడులో నరం చిట్లిందని.

“ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే...” అన్నాడు డాక్టరు. ఆ మాట ఆయన పూర్తి చెయ్యలేదు. చిగుసా మాత్రం ఈ వారమంతా దాన్ని తోకికో మీద పూర్తి చేస్తూనే ఉంది.

పైగా ఆసుపత్రివాళ్ళు సొంతవాళ్ళని తప్ప లోపలికి పంపరు. తోకికో సొంతమనిషి కాదట. పదకొండేళ్ళు ఆయనకి వండిపెట్టింది, ఆయన బట్టలు ఉతికింది, ఆయన తిట్లు తింది. కానీ పేట వార్డు ఆఫీసులో పెళ్ళి నమోదు చేయించుకోలేదు. రాయించుకుంటామంటే అప్పట్లో చిగుసా ఇల్లు పీకి పందిరేసింది, మా అమ్మ పేరు పక్కన ఇంకో పేరు పడడానికి వీల్లేదని. కునిహికో లోకం మీద పులి, కూతురి దగ్గర పిల్లి. సరేలెమ్మన్నాడు. ఇప్పుడు కూతురు ‘ఊఁ’ అంటే పంపిస్తామంటున్నారు నర్సులు. కూతురు ‘ఊఁ’ అనదు.

తోకికో అయిదో పెట్టెకి కాగితం చుట్టడం అయిపోయింది.

“ఈ అయిదు గుమ్మాలూ తిరిగొచ్చాక చెప్తాను,” అంది. “నువ్వడిగింది మొత్తం చెప్తాను. చెప్పాక నన్ను ఆయన దగ్గరికి రానివ్వాలి.”

“ముందు చెప్పండి, తర్వాత చూద్దాం.”

“చూద్దాం కాదు. రానివ్వాలి.”

ఆ గొంతులో కొత్తగా ఏదో గట్టిదనం ఉంది. చిగుసా ఒక క్షణం ఆమెనే చూసింది.

“సరే,” అంది. “మాట.”

*

మా దగ్గర ఒక మర్యాద ఉంది. ఇంటి ముందు అంబులెన్సు ఆగినా, పొయ్యి అంటుకుని పొగ లేచినా, ఆ ఇంటివాళ్ళు తర్వాత మిఠాయి పెట్టెలు పట్టుకుని గుమ్మం గుమ్మానికీ వెళ్ళి క్షమాపణ చెప్పుకోవాలి. ఎదురుగా మూడు, అటొకటి ఇటొకటి. చావుబతుకుల్లో ఉన్నది మీ మనిషే కావచ్చు, ప్రశాంతత చెడింది పక్కవాడిది! బాగుందా? బాగున్నా బాగోకపోయినా చెయ్యాలి. ఇద్దరూ కలిసే వెళ్ళాలి. ఒక్కరే వెళ్తే, రెండోవాళ్ళు ఏమయ్యారని సందంతా చెవులు కొరుక్కుంటుంది.

దీపాలు పెట్టే వేళ. సందులో కొట్లవాళ్ళు తెరలు పైకెత్తుతున్నారు, బొగ్గు రాజేస్తున్నారు, బోర్డులు బయటపెడుతున్నారు. ఇద్దరూ ముదురు రంగు కోట్లు వేసుకుని ఎదురుగా ఉన్న మెట్లు దిగారు.

కింద ఉషిజిమా సంగీతశాల. నలభై మంది నిలబడితే గాలాడదు. వేదిక మీద ఎవరో డ్రమ్ములు సరిచూసుకుంటున్నారు. ఉషిజిమాకి యాభై దాటింది, జుట్టుకి మాత్రం ఎర్రరంగు.

“ఆ రోజు మావల్ల మీకు చాలా ఇబ్బంది కలిగింది. క్షమించాలి,” ఇద్దరూ ఒక్కసారే నడుములు వంచారు.

“అయ్యో, ఇబ్బందేముందండీ!” అన్నాడు ఉషిజిమా పెట్టె అందుకుంటూ. “అంబులెన్సు మా మెట్లకి అడ్డంగా ఆగింది. మావాళ్ళు వాన్లో డ్రమ్ములు మోసుకుని వెనకసందంతా చుట్టొచ్చారు. పాట మొదలయ్యేసరికి సగం జనం లేచిపోయారు. అంతకుమించి ఏం లేదు.”

“క్షమించాలి,” మళ్ళీ వంగింది తోకికో.

“పెద్దాయనకి ఎలా ఉంది?”

“అలాగే ఉంది,” అంది చిగుసా.

“మా చప్పుడు ఎక్కువైందని ఎన్నిసార్లు పోలీసులకి చెప్పాడో మహానుభావుడు! ఇప్పుడాయన కేకలు లేక సందంతా బోసిపోయిందనుకోండి.” చిగుసా వైపు తిరిగాడు. “నీతో ఒక మాట అమ్మాయ్. నీ మందని మా మెట్ల మీద నిలబెట్టకు. లోపలికి రారు, టిక్కెట్టు కొనరు. ఫోటోలు తీసుకుని పోతారు. మేమేమన్నా బోనులో కోతులమా?”

చిగుసా బతుకుతెరువు అదే. సాయంత్రాలు ఏడెనిమిది మందిని వెంటబెట్టుకుని ఊరి పేటలు చూపిస్తుంది. ఒకరోజు యానకా, ఒకరోజు షిమోకితజావా, ఒకరోజు అసకుసా వెనక సందులు. పది కుర్చీల సారా కొట్లు, చాప పరిచిన నాటకశాలలు, పాత పాటల గదులు. ఎక్కడ ఏ తలుపు వెనక ఏముందో ఆమెకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. టోక్యోలో ఎన్నో తలుపులు తీయించింది. తండ్రి కొట్టు తలుపొక్కటే తీయించలేకపోయింది. ‘వినేవాడు ఒక్కడే వస్తాడు. గుంపుగా వచ్చేది చూడ్డానికి’ అనేవాడు కునిహికో.

మెట్లెక్కి పైకొచ్చారు.

“కోతులంట,” అంది చిగుసా పళ్ళు కొరుకుతూ. “మీరొక్క మాట అనొచ్చుగా? కనీసం ‘మా అమ్మాయి అలాంటిది కాదండీ’ అని!”

“నువ్వు నా అమ్మాయివి కాదని సందంతా చాటింది నువ్వే.”

“ఆహా! ఇప్పుడొచ్చిందన్నమాట మాట. కావలసినప్పుడు రాదు గానీ!”

“మొహం సర్దుకో. అవ్వ చూస్తోంది.”

ఇద్దరూ మొహాలు సర్దుకున్నారు.

*

కానె అవ్వకి ఎనభై దాటాయి. కోడిమాంసం పుల్లలు కాల్చి అమ్ముతుంది. ఆరుగురు నిలబడి తినేంత బల్ల. అవ్వ ఆ బల్ల వెనక నుంచి ఈ పేట మొత్తాన్ని ఏలుతోంది.

“తీపి తినకూడదన్నాడు డాక్టరు,” అంది పెట్టె చూడగానే. “అక్కడ పెట్టు.”

“ఆ రోజు మావల్ల...”

“వంగింది చాలు, నడుం పట్టేస్తుంది. ఏమే చిగుసా, ఈవిణ్ణి ఆసుపత్రికి రానివ్వట్లేదటగా?”

చిగుసా మొహం జేవురించింది. “అది మా ఇంటి విషయం అవ్వా.”

“ఇంటి విషయమైతే కిటికీలు మూసుకుని అరుచుకోవాలి. మీ మేడ మీద మాటలన్నీ నా పొగగొట్టంలోంచి దిగుతున్నాయి. మా వాళ్ళకి ఈ వారం టీవీ అక్కర్లేకపోయింది.” బల్ల దగ్గరున్న ఇద్దరు కిసుక్కుమన్నారు. అవ్వ తోకికో వైపు విసనకర్ర చూపించింది. “నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? నోట్లో నాలుక లేదా నీకు? నా మొగుడు ఇదిగో, ఈ బల్ల మీదే పడిపోయాడు. అప్పుడు నేను పెట్టిన కేకకి వంతెన మీద రైలు ఆగిందనేవాళ్ళు.”

“బతికాడా?” అడిగాడు నిలబడి తింటున్నవాడు.

“ఎక్కడ బతికాడూ, పోయాడు. కేకయితే పెట్టాను. ఆ తృప్తి నాకుంది.”

అవ్వ ఒక పుల్ల తీసి తోకికో చేతిలో పెట్టింది. “తిను. వారంలో సగమైపోయావు.” చిగుసాకి పెట్టలేదు.

బయటికొచ్చాక చిగుసా ఆగింది.

“విన్నారుగా? ఒక్క కేక. నేనడిగేదీ అదేనండీ. గొంతు చించుకోమనలేదు, డాక్టరు చదువు చదవమనలేదు. ఒక్క కేక పెట్టడానికి ఏమడ్డమొచ్చింది? మా అమ్మ రికార్డంటే మీకంత మంట కదా, ఆ రోజు మాత్రం అంత భక్తి పుట్టుకొచ్చిందా?”

“మంట లేదని ఎవరన్నారు?” అంది తోకికో.

ఆ మాట చిగుసా ఎదురుచూడలేదు.

“ఏటా ఆ ఒక్కరోజు నేను ఆ ఇంట్లో పనిమనిషిని,” అంది తోకికో పుల్ల వైపు చూస్తూ. “కాఫీ కలుపుతాను, కప్పులు కడుగుతాను. ఆయన కళ్ళు మూసుకుని మీ అమ్మ దగ్గరికి పోతాడు. మంటే. ఏం చెయ్యమంటావు? పద, ఇంకా మూడున్నాయి.”

మూడోది పదిహేను కుర్చీల సినిమాగది. తాళం వేసుంది, తలుపుకి పెట్టె ఉన్న సంచి తగిలించి వచ్చారు. నాలుగోది కుట్టుమిషను ఆమె, ఇటు పక్కవాటా. ఆమె పెట్టె తీసుకుంది, తలుపేసుకుంది. ‘ఎలా ఉన్నారు’ అని కూడా అడగలేదు. కునిహికోతో ఆమెకి పన్నెండేళ్ళుగా మాటల్లేవు, చూరు నీళ్ళ గురించి.

*

అయిదోది అటు పక్కవాటా. హోన్‌జో కథలశాల. జనం కూర్చోడానికి ముప్పై దిండ్లు, ఒక చిన్న వేదిక, వేదిక మీద ఒకే ఒక్క మనిషి మోకాళ్ళ మీద కూర్చుని హాస్యకథలు చెప్తాడు. హోన్‌జో ఒకప్పుడు చెప్పేవాడే. పళ్ళూడిపోయాక టిక్కెట్లు చింపుతున్నాడు. చెప్పే జబ్బు మాత్రం పోలేదు.

గుమ్మంలో దిండ్లు దులుపుతున్నాడు. వీళ్ళని చూసి ఆయనే ముందు వంగాడు.

“ఎంత పని జరిగిందమ్మగారూ! ఆ మనిషి నా దగ్గర కథ వినడానికి ఒక్కసారీ రాలేదు. మాట్లాడేవాడంటే పడదుగా ఆయనకి. అయినా పక్కవాటా. నా ఎడమ చెవి పోయినట్టుంది.”

“మావల్ల ఆ రోజు మీ ఆట చెడిపోయింది. క్షమించాలి,” అంది తోకికో.

“చెడితే చెడింది. కానీ ఒక మాట చెప్పాలి.” చిగుసా వైపు తిరిగాడు. మొహం వెలిగిపోతోంది. “నిన్ను చూసి ఆ రోజు నాకు ఎంత ముచ్చటేసిందో. ఎంతయినా కన్నకూతురు. తల్లి పోయిన రోజున ఆ వానలో గుమ్మం దాకా వచ్చింది అనుకున్నా.”

చిగుసా ఉలిక్కిపడింది.

“హోన్‌జో గారూ,” తోకికో గబుక్కున అడ్డం వచ్చింది, “మీ ఆటకి వేళవుతున్నట్టుంది. మేం మళ్ళీ వస్తాం.”

“ఇంకా టైముందిలెండి! గొడుగులేసుకుని ఏడెనిమిది మంది. ఈ అమ్మాయి మీ తలుపుకున్న గుండ్రటద్దంలోంచి లోపలికి చూపిస్తోంది. నేనిక్కడే దిండ్లు దులుపుతున్నా. ‘అదుగో ఆయనే మా నాన్న. తల వంచుకుని ఎలా వింటున్నారో చూడండి. ఈ ఊళ్ళో ఇంకెవరూ ఇలా వినరు’ అంది. ఎంత బాగా చెప్పిందండీ! ఇన్నేళ్ళు కథలు చెప్పినవాణ్ణి, నాకే ఒళ్ళు పులకరించింది. వాళ్ళంతా ఒక్కొక్కరే వంతులవారీగా తొంగిచూశారు. తర్వాత వాళ్ళు స్టేషను వైపు వెళ్ళారో లేదో, ఇటు నుంచి అంబులెన్సు...”

ఆగిపోయాడు. తన కథ ఎక్కడికి పోతోందో ముసలాయనకి అప్పుడు అర్థమైంది. చేతిలో దిండు కిందపడింది.

తోకికో ఆయన చేతుల్లో పెట్టె పెట్టి, నడుము వంచి, చిగుసా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

*

చిగుసా చెయ్యి విదిలించుకుని నడిచింది. సందు దాటింది, వంతెన కిందికి వచ్చింది. రెండు వైపులా సారా కొట్లు, బల్లల మీద జనం, పైన రైళ్ళు. తోకికో వెనకే వస్తోంది.

“మీకు తెలుసు,” అంది చిగుసా తిరక్కుండానే.

“తెలుసు.”

“నేనక్కడున్నానని తెలుసు!”

“అద్దంలో నీ మొహం కనిపించింది.”

“మరి ఇన్నాళ్ళూ నోరెందుకు మూసుకున్నారు? నేను నానా మాటలూ అంటుంటే రాయిలా కూర్చున్నారే! నన్ను చూసి లోపల నవ్వుకుంటున్నారా?”

“నవ్వా?” తోకికో గొంతు మొదటిసారి పైకి లేచింది. “అయిదు గుమ్మాలయ్యాక చెప్తానన్నానుగా. అబద్ధం చెప్దామనుకున్నాను. దారిపొడుగునా అదే కూర్చుకుంటూ వచ్చాను. కౌంటరు వెనక కునుకు పట్టిందనీ, ఆయన్ని చూడనే లేదనీ. నువ్వు నాలుగు తిట్టి నన్ను లోపలికి రానిస్తావనుకున్నా.”

“నిజం చెప్పండి.”

“ఇప్పుడు నీకు తెలిసిందిగా.”

“మీ నోటితో చెప్పండి!”

పక్కబల్ల మీద నలుగురు గ్లాసులు దించి చూశారు. తోకికో వాళ్ళని పట్టించుకోలేదు.

“ఆయన తల వాలింది. నాకు భయమేసింది. లేచాను. అది మీ అమ్మ రికార్డు, ఆపితే ఆయన నన్ను జన్మలో క్షమించడు. అయినా లేచాను. అప్పుడు తలుపులో నువ్వు కనిపించావు. ఆయన్నే చూస్తున్నావు, నవ్వుతున్నావు. కన్నకూతురు చూస్తోంది, నవ్వుతోంది, ఏమీ లేదులే, నాదే పిచ్చి భయం అనుకున్నాను. కూర్చున్నాను.”

“అంటే నావల్లే అంటారు.”

“నేననలేదు.”

“అనండి! అదే కదా మీ కడుపులో ఉంది? మీరు ఒక్క కేక పెట్టి ఉంటే నేను తలుపు తోసుకుని వచ్చేదాన్ని!”

“నువ్వు తలుపు తోసి ఉంటే నేను కేక పెట్టేదాన్ని.”

పైన రైలు వెళ్ళింది. అది పోయేదాకా ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు.

“ఆయన బాగానే ఉన్నారు,” అంది చిగుసా. “నేను చూసినప్పుడు బాగానే ఉన్నారు. మీకు తెలియదు. తల వంచకముందు నన్ను చూశారు. చూసి చెయ్యెత్తారు. నా జనాన్ని చూస్తే తలుపుకి తెర లాగేసే మనిషి, ఆ రోజు నాకు చెయ్యెత్తారు! నేనూ ఊపాను. అందుకే నవ్వాను. ఇన్నేళ్ళకి నాన్న నన్ను ఒప్పుకున్నారనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు ఆ సంగతి. అది నాది.”

తోకికో ఒక అడుగు దగ్గరికి వచ్చింది.

“చెయ్యెత్తారా?” అంది మెల్లగా. “నాకది కనిపించలేదు. నాకు వీపే కనిపిస్తుంది.”

“అవును. ఎత్తారు.”

“చిగుసా. నువ్వు ఆ కొట్టులోనే పుట్టావు. పాట జరుగుతుంటే అక్కడ ఎవరైనా చెయ్యెత్తితే ఏమిటర్థం?”

నాలుగేళ్ళ పిల్లప్పటి నుంచీ తెలుసు చిగుసాకి. మాట్లాడకూడని చోట కావలసినదానికి చెయ్యే ఎత్తుతారు. కాఫీకైనా, నీళ్ళకైనా. చెయ్యెత్తితే ‘ఇలా రా’ అని. చిన్నప్పుడు ఎత్తిన ప్రతి చేతి దగ్గరికీ తనే పరిగెత్తేది.

వంతెన స్తంభానికి ఆనుకుంది. తోకికో పట్టుకోబోయింది.

“ముట్టుకోకండి!” అరిచింది చిగుసా. “ఎందుకు చెప్పారు నాకు? ఆ అబద్ధమే చెప్పొచ్చుగా! ఇంకో నాలుగు రోజులు తిట్టుకుంటూ బతికేదాన్ని!”

“చెప్పించింది నువ్వు.”

“మీరు రావద్దు. ఆసుపత్రికి రావద్దు. ఆయనకి మీ మొహం చూపించను.”

“మాటిచ్చావు.”

“అబద్ధం చెప్దామనుకున్నవాళ్ళకి మాటేంటి?”

అప్పుడు చిగుసా కోటులో ఫోను మోగింది. ఆసుపత్రి నంబరు. ఇద్దరూ దానివైపు చూశారు. చిగుసా తీసింది.

“కురామోచి కునిహికో గారి అమ్మాయేనా?” నర్సు గొంతు. చుట్టూ గోలకి చిగుసా స్పీకరు పెట్టాల్సి వచ్చింది. “మీ నాన్నగారు కళ్ళు తెరిచారు. మాట లేదండీ, కుడిచెయ్యి కదలడం లేదు. కానీ మనిషిని గుర్తుపడుతున్నారు. ఇందాకటి నుంచీ తలుపు వైపే చూస్తున్నారు. రాత్రి భోజనం వేళలోగా ఒక్కరిని పంపిస్తాం, ఒక్కరినే. ఎవరు వస్తున్నారో పేరు చెప్తే కింద చెప్పి ఉంచుతాను.”

చిగుసా ఫోనుని రెండు చేతులా పట్టుకుంది.

వారమంతా ఆ మంచం పక్కన కూర్చుంది. మూసుకున్న కళ్ళ ముందు కూర్చోవడం తేలికే. వాటి ముందు తోకికోని తిట్టింది, డాక్టరుని తిట్టింది, కొట్టులో ఉన్నవాళ్ళందరినీ పేరుపేరునా తిట్టింది. ఇప్పుడు ఆ కళ్ళు తెరుచుకున్నాయి. ఆఖరిసారి అవి చూసింది గుండ్రటద్దంలో నవ్వుతున్న తన మొహాన్ని. ఆమెకి భయమేసింది. తండ్రంటే పుట్టి బుద్ధెరిగాక అంత భయం ఎన్నడూ వెయ్యలేదు.

“హలో? వినిపిస్తోందా? ఎవరొస్తున్నారండీ?”

“ఆయన భార్య,” అంది చిగుసా.

తోకికో తలెత్తింది.

“భార్య వస్తున్నారు. తోకికో. కాగితాల్లో ఉండదు. నేను చెప్తున్నాను, కూతుర్ని. పంపించండి.”

ఫోను కోటులో పడేసుకుంది. “వెళ్ళండి,” అంది. “కావలసింది దొరికిందిగా.”

తోకికో కళ్ళు తుడుచుకుంది. కృతజ్ఞత ఏమీ లేదు ఆ మొహంలో.

“వారం రోజులు నీ కాళ్ళావేళ్ళా పడ్డాను,” అంది. “ఇలా పంపిస్తావని కాదు. నీ భయానికి నన్ను అడ్డం పెట్టుకుని పంపుతున్నావు.”

“వెళ్తారా, వెళ్ళరా?”

“వెళ్తాను. సిగ్గు లేకుండా వెళ్తాను. ఆయన్ని చూడాలి నాకు.” రెండడుగులు వేసి ఆగింది. “నువ్వూ రా. ఒకళ్ళం బయట బల్ల మీద కూర్చుందాం. లోపలికి ఎవరు పోవాలో రైల్లో కొట్లాడుకుందాం. రా.”

స్టేషను గేటు దాకా వచ్చింది చిగుసా. పక్కపక్కన కాదు, మూడడుగులు వెనక. పనుల నుంచి వచ్చే జనం, ఆటలకి పోయే జనం ఎదురెదురుగా తోసుకుంటున్నారు. తోకికో కార్డు ఆనించి గేటు దాటింది. దాటి వెనక్కి తిరిగింది.

చిగుసా గేటు ముందు నిలబడిపోయింది. కార్డు చేతిలోనే ఉంది.

“నాన్న నా గురించి అడిగితే ఏం చెప్తారు?” అంది.

“అడగడు. మాట లేదన్నారుగా,” అంది తోకికో గేటుకి అవతలి నుంచి. “చూస్తాడు. నేను వెళ్ళగానే నా వెనక ఎవరున్నారా అని చూస్తాడు. దానికి నేనేం జవాబు చెప్పను? అది నా దగ్గర లేదు.”

మాట అనేసి ఆమె మెట్ల వైపు వెళ్ళిపోయింది. పైన రైలు వస్తున్న చప్పుడు. చిగుసా వెనక వరస పెరిగింది. ఎవరిదో సంచి ఆమె నడుముకి తగిలింది. ఎవరో నాలుక చప్పరించారు.

“ఏమండీ!” వెనక నుంచి ఒక మగగొంతు కసిరింది. “వెళ్ళేదుంటే వెళ్ళండి! లేదంటే దారికి అడ్డం లేవండి!”